బొగ్గు నుసిని పారేయకండి: గంజితో నిప్పు బిళ్ళలు చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా వీధి చివర ఇస్త్రీ బండి అన్న, బొగ్గు బస్తా అయిపోగానే దాన్ని తిరగేసి మురుగు కాలువ పక్కన దులిపేవాడు. ఒక రోజు ఆగి, ఆ దులిపినదంతా గోనె సంచిలోకి ఎత్తి, పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 30 కిలోల బస్తాకు నాలుగున్నర కిలోల నుసి తేలింది. “ఇది కూడా డబ్బు పెట్టి కొన్నదే కదన్నా, ఎందుకు పారబోస్తావు?” అని అడిగితే, “ఏం చేసేది చెల్లెమ్మా, పెట్టెలో పోస్తే గాలాడదు. ఉన్న నిప్పు కూడా చచ్చిపోద్ది” అన్నాడు.

ఆయన అన్నమాటలోనే అసలు విషయమంతా ఉంది. నుసిలో వేడికి లోటు లేదు. అది కూడా అదే చెట్టు, అదే బట్టీలో కాలిన బొగ్గు. కిలో మంచి కట్టె బొగ్గులో సుమారు 7,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. బొగ్గు ముక్కలు పేర్చినప్పుడు మధ్యలో సందులుంటాయి, వాటిలోంచి గాలి పోయి నిప్పు రాజుకుంటుంది. నుసి పోస్తే సందులన్నీ మూసుకుపోతాయి. అంటే నుసికి పోయింది ఆకారమే. ఆ ఆకారాన్ని తిరిగి ఇవ్వగలిగితే చాలు.

ఒక కిలో బొగ్గు కావాలంటే నాలుగైదు కిలోల కట్టె బట్టీలోకి పోవాలి. ఆ లెక్కన అన్న కాలువ పక్కన దులిపింది దాదాపు 20 కిలోల కట్టె. బట్టీ తవ్వేటప్పుడు కొంత, బస్తాలకు ఎత్తేటప్పుడు కొంత, లారీ కుదుపులకు కొంత, ఇలా బొగ్గులో నూటికి 10 నుంచి 20 వంతులు నుసి కావడం మామూలే. సర్కారు తుమ్మ (మా ప్రకాశం వైపు చిల్లకంప అంటాం) నరికి బొగ్గు కాల్చే బట్టీల దగ్గరికి వెళ్తే, కుప్పలుగా పడి ఉన్న నుసి మీద మనుషులు నడుస్తుంటారు. అది చూస్తే నాకు మనసు ఒప్పదు. అందుకే నాలుగు ఎండాకాలాలుగా నేను చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో 1920లలో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్కముక్కలను, పొట్టును బొగ్గు చేయించి, పిండి జిగురుతో అచ్చులు కొట్టించి అమ్మించాడు. కలకత్తాలో రాక్షసి బొగ్గు పొడిని మట్టితో, పేడతో కలిపి ‘గుల్’ అనే ఉండలు చేసి, గోడల పక్కన ఎండబెట్టి, పొయ్యిల్లో వాడేవాళ్ళు.

ముందు ఒక సంగతి తేల్చుకోండి: మీ దగ్గరున్నది ఏ నుసి? కట్టె బొగ్గు నుసా, గనిలో తవ్విన రాక్షసి బొగ్గు పొడా? రెండూ నల్లగానే ఉంటాయి గానీ జిగురు వేరు, కాలే తీరు వేరు, ప్రమాదం కూడా వేరు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కట్టె బొగ్గు గురించే. రాక్షసి బొగ్గు గురించి చివర్లో విడిగా చెబుతాను.

కావలసినవి

మొదటిసారి 10 కిలోలతోనే మొదలుపెట్టండి. అంతకన్నా ఎక్కువ కలిపితే నొక్కడానికి చేతులు చాలవు, మిగిలిన ముద్ద పులిసిపోతుంది.

- బాగా ఎండిన బొగ్గు నుసి 10 కిలోలు
- కర్రపెండలం పిండి 500 గ్రాములు, లేదా మైదా 600 గ్రాములు
- నీళ్ళు 5 లీటర్లు, పైన చిలకరించడానికి ఇంకో లీటరు
- 3 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ (మేస్త్రీలు ఇసుక జల్లించేది)
- రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, జానెడు పొడవు
- ఆ పైపులో వదులు లేకుండా దూరే గుండ్రటి కర్ర, సుత్తి, మందపాటి చెక్క పలక
- ముక్కుకు, నోటికి మంచి మాస్కు

మాస్కు మాట చివర రాశానని తేలిగ్గా తీసుకోకండి. బొగ్గు నుసి ఊపిరితిత్తుల్లోకి పోతే అంత తేలిగ్గా బయటికి రాదు. తడి గుడ్డ కట్టుకుంటే చాలనుకుని నేను మొదటి ఏడాది చేశాను, రెండు రోజులు నల్లటి కళ్లె పడింది. మందుల షాపులో దొరికే ఎన్95 మాస్కు పెట్టుకోండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

మొదటి పని: నుసిని పరీక్షించడం

బట్టీ నుంచి అప్పుడే వచ్చిన నుసిని వెంటనే బస్తాలో కట్టి ఇంట్లో పెట్టకండి. కొత్త బొగ్గు పొడి గాలి పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కుతుంది. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు దాగి ఉండొచ్చు. ఆరుబయట పలచగా పరిచి ఒక పగలు, ఒక రాత్రి అలాగే వదిలేయండి. తర్వాతే మూట కట్టండి.

ఇక నాణ్యత చూడాలి. కింద నుంచి ఊడ్చి తెచ్చిన నుసిలో సగం మట్టే ఉంటుంది. మట్టి ఎక్కువైతే ఎంత మంచి గంజి కాచినా లాభం లేదు. ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పిడికెడు నుసి వేసి, ఒకసారి కలిపి వెంటనే చూడండి. బొగ్గు తేలుతుంది, ఇసుక, మట్టి కిందకు దిగుతాయి. వెంటనే చూడమనడం ఎందుకంటే బొగ్గు కూడా నీళ్ళు పీల్చుకున్నాక మునిగిపోతుంది.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే 100 గ్రాముల ఎండు నుసిని పాత ఇనుప మూకుడులో వేసి, ఆరుబయట మంట మీద పెట్టి, నల్లదనం పూర్తిగా పోయేదాకా కలుపుతూ కాల్చండి. గంటకు పైగా పడుతుంది, ఓపిక పట్టండి. చల్లారాక మిగిలిన బూడిదను తూచండి. 10 గ్రాముల లోపు ఉంటే చాలా మంచి నుసి. 20 దాటితే మట్టి కలిసిందని అర్థం. మళ్ళీ జల్లించి, పై పైన ఉన్నదే వాడాలి. 30 దాటితే దాన్ని పొలంలో చల్లుకోండి, పొయ్యికి పనికిరాదు.

మేకులు, తీగ ముక్కలు లేకుండా ఒక అయస్కాంతం తిప్పండి. పాత తలుపులు, ప్యాకింగ్ చెక్కలు కాల్చిన బొగ్గులో ఇవి తప్పకుండా ఉంటాయి. రంగు వేసిన చెక్క బొగ్గు అయితే అసలు తీసుకోకండి. ఆ రంగులోని విషం వంటలోకి వస్తుంది.

రెండో పని: నలగ్గొట్టి జల్లించడం

పెద్ద ముక్కలను గోనె సంచిలో వేసి, మూతి కట్టి, పైనుంచి రోకలితో కొట్టండి. ముందు కాస్త నీళ్ళు చిలకరిస్తే దుమ్ము లేవదు. చిలకరించినంత మేరకు తర్వాత గంజిలో నీళ్ళు తగ్గించుకోవాలి, అది గుర్తుంచుకోండి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. పిండిలాగా మెత్తగా చేస్తే బాగా అతుక్కుంటుంది అనుకుంటారు. అలా కాదు. అంతా మెత్తటి పొడి అయితే జిగురు ఎక్కువ తాగుతుంది, బిళ్ళ ఎండేటప్పుడు పగుళ్ళిస్తుంది, వెలిగించినా గాలి లోపలికి పోదు. అంతా గరుకు ముక్కలైతే నిలబడదు. ఆవగింజంత ముక్కలు కొన్ని, రవ్వంతవి ఎక్కువ, మెత్తటి పొడి కొంత కలిసి ఉంటే పెద్దవాటి మధ్య సందుల్లో చిన్నవి కూర్చుని కాంక్రీటులో కంకర, ఇసుక కుదిరినట్టు కుదురుతాయి. 3 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగిందంతా వాడితే ఈ కలయిక దానంతట అదే వస్తుంది. మళ్ళీ సన్నజల్లెడ పట్టకండి.

మూడో పని: జిగురు

అసలు విద్య ఇక్కడే ఉంది. కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

నుసికి తనంతట తాను అంటుకునే గుణం లేదు. చేత్తో ఎంత పిసికినా, ఆరాక రాలిపోతుంది. ఏదో ఒక జిగురు కావాలి. మనకు అందుబాటులో ఉన్నవి నాలుగు: పిండి గంజి, బంకమట్టి, పేడ, చెరకు మడ్డి. వీటిలో దేన్ని ఎంచుకోవాలో తెలుసుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: నిప్పులో పడ్డాక ఇది ఏమవుతుంది?

గంజి కాలిపోతుంది. అది కూడా కాస్త వేడే ఇస్తుంది, బూడిద దాదాపు ఉండదు. మట్టి కాలదు. ఎంత వేస్తే అంతా బూడిదగా మిగులుతుంది. పది కిలోల నుసిలో రెండు కిలోల మట్టి కలిపారంటే, బస్తా బరువు పెరిగిందని సంబరపడొచ్చు గానీ, ఆ రెండు కిలోల చోట వేడి లేదు. పైగా ఆ మట్టిని కూడా నిప్పే వేడెక్కించాలి. పేడలో రెండూ ఉన్నాయి: కొంత కాలుతుంది, కొంత బూడిద అవుతుంది, మొదట్లో పొగ వస్తుంది. చెరకు మడ్డి బాగా పట్టుతుంది గానీ వెలిగించినప్పుడు మాడు వాసన, పొగ. వానాకాలంలో చెమ్మ పీల్చి జిగటగా మారుతుంది. పైగా మడ్డి మీద ఎక్సైజ్ నిబంధనలు ఉంటాయి కాబట్టి ఇంటి అవసరానికి దాని జోలికి పోకపోవడమే మేలు.

అందుకే ఇంటికైనా, ఇస్త్రీ బండికైనా, టిఫిన్ బండికైనా నేను గంజినే చెబుతాను. కర్రపెండలం పిండి అన్నిటికన్నా బాగా పట్టుతుంది. సగ్గుబియ్యం మిల్లులున్న సామర్లకోట, పెద్దాపురం వైపు వాళ్ళకు తేలిగ్గా దొరుకుతుంది. అది లేకపోతే మైదా. గోడల మీద సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు కాచుకునే జిగురు అదే. బియ్యప్పిండి కూడా పనిచేస్తుంది, కాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు ఉడకాలి. తినే పిండిని నిప్పులో వేయడం నాకూ ఇష్టం ఉండదు. కిరాణా కొట్లలో పురుగు పట్టి, పక్కన పెట్టిన పిండి అడిగితే ఇస్తారు. ఈ పనికి అది చక్కగా సరిపోతుంది. అన్నం వార్చిన గంజి వాడొచ్చా అని అడుగుతుంటారు. వాడొచ్చు, కానీ అది మరీ పలచగా ఉంటుంది. సగానికి పైగా ఇగిరేలా మరిగించి, గుప్పెడు పిండి కలిపితేనే పట్టు వస్తుంది.

కొలత: ఎండు నుసి బరువులో నూటికి 5 వంతులు పిండి. 4 కన్నా తగ్గితే మూలలు రాలతాయి. 8 దాటితే డబ్బు దండగ. పైగా బిళ్ళకు బూజు పడుతుంది, వెలిగించినప్పుడు పొగ వస్తుంది. నా మొదటి ప్రయత్నంలో గట్టిగా ఉండాలని 12 వంతులు వేశాను. శ్రావణమాసం ముసురులో నాలుగు రోజులకే బస్తాడు బిళ్ళలూ తెల్లటి బూజు కట్టి, పుల్లటి వాసన కొట్టాయి. అప్పటి నుంచి పిండి పెంచాలనిపించినప్పుడల్లా, దాని బదులు ఇంకో రెండు సుత్తి దెబ్బలు ఎక్కువ వేస్తున్నాను.

గంజి కాచే పద్ధతి ఇది. 500 గ్రాముల పిండిని ఒక లీటరు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. వేడి నీళ్ళలో పిండి పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపలి పిండి పచ్చిగానే మిగిలిపోతుంది. మిగతా నాలుగు లీటర్ల నీళ్ళు తెర్లనిచ్చి, సెగ తగ్గించి, కలిపిన పిండిని సన్నటి ధారగా పోస్తూ గరిటెతో ఆపకుండా తిప్పండి. మొదట తెల్లగా పాలలా ఉన్నది కాసేపటికి చిక్కబడి, అద్దంలా మెరుస్తూ పారదర్శకంగా మారుతుంది. మైదా అయితే పూర్తిగా పారదర్శకం కాదు, తెలుపు తగ్గి నిగనిగలాడితే చాలు. పచ్చి పిండికి జిగురు గుణం ఉండదు, ఉడికి ఉబ్బినప్పుడే వస్తుంది. గరిటె ఎత్తితే తీగలా సాగుతూ జారాలి. అప్పుడు దించండి. ఆ రోజు కాచింది ఆ రోజే వాడేయాలి.

ఫెవికాల్ లాంటి జిగుర్లు, తారు, పాత ఇంజన్ ఆయిల్ కలపమని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. వంట చేసే నిప్పులో, మనిషి ముఖం పెట్టి ఊదే నిప్పులో అవి వేయకూడదు.

నాలుగో పని: కలపడం

గంజి చెయ్యి పట్టేంత వేడిగా ఉన్నప్పుడే కలపాలి. చల్లారితే గడ్డకట్టి సమానంగా పట్టదు. నుసిని సిమెంటు గచ్చు మీద కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, మూడు విడతలుగా గంజి పోస్తూ పారతో తిరగేయండి. తర్వాత చేతులకు గ్లౌజులు వేసుకుని, చపాతీ పిండి పిసికినట్టు పది, పదిహేను నిమిషాలు పిసకండి. నిజానికి జిగురు తక్కువైందని జనం అనుకునే చోట చాలాసార్లు జరిగేది కలపడం తక్కువ కావడమే. ప్రతి నుసి రేణువుకూ పలచటి గంజి పూత అంటాలి.

కలిపాక తడి గోనె కప్పి అరగంట వదిలేయండి. బొగ్గు నిండా సన్నటి రంధ్రాలు కాబట్టి నీళ్ళు మెల్లగా లోపలికి పీలుస్తుంది. కలిపిన వెంటనే సరిపోయిందనిపించిన ముద్ద, అరగంట తర్వాత పొడిపొడిగా కనిపిస్తుంది. అప్పుడే కొంచెం కొంచెంగా నీళ్ళు చిలకరించి సరిచేసుకోవాలి.

సరిపోయిందో లేదో ఇలా చూడండి. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు, అరచేతికి చెమ్మ మాత్రం అంటాలి. పిడికిలి తెరిస్తే వేళ్ళ గుర్తులతో ముద్ద నిలబడాలి. మోకాలి ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు పెద్ద ముక్కలవ్వాలి. పొడి పొడి అయితే నీళ్ళు చాలలేదు. నేలకు పచ్చిగా అతుక్కుపోతే ఎక్కువయ్యాయి.

ఐదో పని: అచ్చు పోయడం

పైపు ముక్క లోపలి వైపు నీళ్ళతో తడిపి, చెక్క పలక మీద నిలబెట్టండి. మూడో వంతు దాకా ముద్ద నింపి, కర్ర దూర్చి, సుత్తితో నాలుగైదు దెబ్బలు వేయండి. కర్ర ఇంక దిగనని మొరాయించాక పైపును పైకెత్తి, కర్రతోనే బిళ్ళను బయటకు నెట్టండి. ఎత్తు నాలుగు సెంటీమీటర్లు ఉంటే చాలు. ఇలా చేసిన పచ్చి బిళ్ళ ఒక్కోటి 80 గ్రాముల దాకా తూగుతుంది. పది కిలోల నుసికి 190 బిళ్ళల దాకా వస్తాయి. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని.

ఇస్త్రీ పెట్టెకు ఇంకా చిన్నవి కావాలి. అంగుళంన్నర పైపు వాడండి. వాటిలో మట్టి అసలు కలపకండి, మట్టి బూడిద గాలికి లేచి తెల్ల చొక్కాల మీద పడుతుంది. టీ కొట్టుకో, టిఫిన్ బండికో అయితే పెద్దవి చేసి, మధ్యలో పెన్సిలంత పుల్ల గుచ్చి తీయండి. ఆ రంధ్రంలోంచి గాలి పైకి ఎగసి, బిళ్ళ లోపలి నుంచి కూడా కాలుతుంది. నేపాల్‌లో బొగ్గు పొడికి బంకమట్టి కలిపి, తేనెపట్టులా నిండా రంధ్రాలున్న పెద్ద బిళ్ళలు చేసేది ఇందుకే. మట్టి ఎక్కువైనా ఆ రంధ్రాల వల్లే అవి ఆరిపోకుండా గంటల తరబడి కాలతాయి.

లడ్డూలు చుట్టినట్టు చేత్తో ఉండలు చేసుకోవచ్చు. పని తొందరగా అవుతుంది కానీ చేతి ఒత్తిడి చాలదు, తొందరగా కాలిపోతాయి, రవాణాలో రాలతాయి. ఇంట్లో వాడుకోవడానికైతే సరే. అమ్మే ఆలోచన ఉంటే, మర తిప్పి నొక్కే స్క్రూ ప్రెస్ చేయించుకోవాల్సిందే. గ్రిల్ పని చేసే వెల్డింగ్ షాపు వాళ్ళకు బొమ్మ గీసి చూపిస్తే చేసిపెడతారు.

ఆరో పని: ఎండబెట్టడం

మొదటి రోజు నీడలో. ఇది దాటేసి నేరుగా రోహిణీ కార్తె ఎండలో పెడితే పైపొర గబగబా ఎండి బిగుసుకుపోతుంది, లోపలి తడి బయటికి రాలేక బిళ్ళ నడుమన పగులుతుంది. ఒక రోజు గాలి తగిలే నీడలో, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ ఆరబెట్టండి. గచ్చు మీద కన్నా నులక మంచం మీదో, ఇనుప మెష్ మీదో పెడితే కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఎండుతాయి. సాయంత్రం మంచు పడకుండా కప్పండి.

ఎండిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పలేం. తూకమే చెప్పాలి. ఒక పది బిళ్ళలకు సుద్దతో గుర్తు పెట్టి, రోజూ సాయంత్రం కలిపి తూచండి. 800 గ్రాములతో మొదలైన పది బిళ్ళలు 550 గ్రాముల దగ్గరకు వచ్చి, రెండు రోజులు వరుసగా అదే తూకం చూపిస్తే ఎండినట్టు. ఇంకా బరువు తగ్గుతోందంటే లోపల నీళ్ళున్నట్టే. తడి బిళ్ళ వెలిగిస్తే దాని వేడంతా ముందు ఆ నీళ్ళు ఆవిరి చేయడానికే పోతుంది. పైగా చిటపటమని పేలి ముక్కలు కళ్ళలోకి ఎగిరే ప్రమాదం ఉంది.

ఎండినవాటిని నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదిలి చూడండి. అంచు చిట్లితే ఫరవాలేదు. రెండుగా విరిగితే నొక్కడం చాలలేదు. పొడి అయితే గంజి ఉడకలేదు, లేదా సరిగా కలవలేదు. చెడిపోయినవాటిని పారేయక్కర్లేదు, నలిపి తర్వాతిసారి కలిపే ముద్దలో వేయండి.

గంజి బిళ్ళలకు నీళ్ళంటే పడదు. వానలో తడిస్తే మళ్ళీ ముద్దయిపోతాయి. నేలకు ఆనకుండా చెక్క మీద బస్తాలు పేర్చి, గోడకు జానెడు దూరంగా పెట్టండి. సంవత్సరానికి సరిపడా వేసవిలోనే చేసి పెట్టుకోవడం మంచిది.

వెలిగించడం

బొగ్గు ముక్క కన్నా బిళ్ళ ఆలస్యంగా అంటుకుంటుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటిసారి చేసినవాళ్ళు పది నిమిషాలకే “ఇది అంటుకోవట్లేదు” అని టెన్షన్ పడతారు. కింద జల్లెడ ఉన్న కుంపటి తీసుకోండి. అడుగున కొబ్బరి పీచు, రెండు చితుకులు, వాటి మీద నాలుగు బొగ్గు ముక్కలు, పైన బిళ్ళలు వదులుగా, సందులుంచి గోపురంలా పేర్చండి. కింది నుంచి వెలిగించి విసనకర్రతో విసరండి. 15, 20 నిమిషాలకు అంచులు తెల్లబడి లోపల ఎర్రగా కనిపిస్తే అప్పుడు గిన్నె పెట్టండి. కిరోసిన్, పెట్రోలు పోయకండి.

ఎంత పడుతుందో లెక్క చూసుకోవచ్చు. 5 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 350 కిలో కేలరీలు కావాలి. మామూలు కుంపటిలో పుట్టిన వేడిలో నాలుగో వంతే గిన్నెకు చేరుతుంది. కిలో బిళ్ళల్లో 6,500 కిలో కేలరీలు అనుకుంటే పావు కిలో లోపే, అంటే నాలుగు బిళ్ళలు సరిపోవాలి. మీ పొయ్యిలో ఆరో ఏడో పడుతున్నాయంటే పొయ్యికి గాలి అడ్డు పెట్టండి, గిన్నె నిప్పుకు దగ్గరగా దించండి. చాలాసార్లు లోపం పొయ్యిలోనే ఉంటుంది.

మూసిన గదిలో మాత్రం వద్దు

మిగతా అంతా మరిచిపోయినా ఇది మరవకండి. ఎర్రగా రాజుకున్న బొగ్గు పొగ రానంత మాత్రాన సురక్షితం కాదు. గాలి చాలని చోట కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి, తర్వాత మగత. నిద్రలో ఉన్నవాళ్ళకు అది కూడా తెలియదు.

లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవడం, బాలింత గదిలో నిప్పులు పెట్టడం మన ఇళ్ళలో ఉన్న అలవాట్లే. పాత పెంకుటిళ్ళలో పై కప్పు సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటి స్లాబు గదుల్లో, అల్యూమినియం కిటికీలు మూస్తే గాలి పోయే దారే లేదు. పసిబిడ్డ ఉన్న గదిలో కుంపటి పెట్టమని పెద్దవాళ్ళు పట్టుబడితే, “అమ్మమ్మా, నిప్పు బయట వసారాలో ఉంచుదాం, వెచ్చటి గుడ్డలు కాచి తెస్తాను” అని చెప్పి ఒప్పించండి. గొడవైనా ఫరవాలేదు. ఎవరికైనా నిప్పు దగ్గర తల తిరిగితే ముందు బయటి గాలిలోకి తీసుకెళ్ళి, 108కి ఫోన్ చేయండి. రాత్రి పడుకునే ముందు మిగిలిన నిప్పు మీద నీళ్ళు చల్లి, బయటే వదిలేయండి.

రాక్షసి బొగ్గు పొడి అయితే

గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం, ఇల్లందు వైపు వాళ్ళకు ఇదే ఎక్కువ తెలుసు. కట్టె బొగ్గు ఒకసారి బట్టీలో కాలి, పొగనంతా అక్కడే వదిలి వస్తుంది. రాక్షసి బొగ్గు అలా కాదు, అందులోని పొగ, గంధకం అన్నీ మీ పొయ్యిలోనే బయటపడతాయి. బూడిద కూడా ఎక్కువ. మన దేశంలో బొగ్గుకు దాని వేడిని బట్టి పెట్టిన గ్రేడుల లెక్కలో జీ11 బొగ్గు అంటే కిలోకు 4,000 నుంచి 4,300 కిలో కేలరీలే. అందులో మట్టి కలిపితే ఇంకా తగ్గుతుంది.

దీనికి పిండి గంజి ఒక్కటే చాలదు, వేడికి గంజి ముందే కాలిపోయి బిళ్ళ కూలిపోతుంది. 10 కిలోల పొడికి కిలోన్నర బంకమట్టి నానబెట్టి, పలచగా చేసి, గుడ్డలో వడకట్టి కలపండి. కావాలంటే అరకిలో పేడ. నల్లరేగడి బాగా పట్టుతుంది గానీ ఎండేటప్పుడు కుదించుకుని పగుళ్ళిస్తుంది, సగం ఎర్రమట్టి కలుపుకోండి. ఎండబెట్టడం పైన చెప్పినట్టే. ఇటుక బట్టీకో, పెళ్ళిళ్ళకు ఆరుబయట వేసే గాడిపొయ్యికో వాడుకోండి. పొగగొట్టం లేని వంటింట్లోకి మాత్రం తేకండి.

కొరియాలో ఇదే పద్ధతిలో, 22 రంధ్రాలతో, మూడున్నర కిలోలకు పైగా తూగే యోంటాన్ బిళ్ళలతో దశాబ్దాల పాటు ఇళ్ళు వెచ్చబెట్టుకున్నారు. గది నేల కింద నిప్పు పెట్టే ఇళ్ళు అవి. నేల పగుళ్ళలోంచి విషవాయువు పైకి వచ్చి చాలామంది నిద్రలోనే పోయారు.

రాక్షసి బొగ్గు పొడిని కుప్పగా ఎక్కువ రోజులు ఉంచితే తనంతట తానే రాజుకుంటుంది. పలచగా పరిచి, చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, వెచ్చగా తగిలితే వెంటనే తిరగేయండి. కొనేటప్పుడు బిల్లు అడగండి. రైల్వే సైడింగుల దగ్గర, లారీల వెంట ఏరిన బొగ్గు కొనకండి. పట్టాల మీద ప్రాణాలకు తెగించి పిల్లలు ఏరేది అదే.

మా ఇస్త్రీ అన్న ఇప్పుడు నుసి దులపడం మానేశాడు. బండి కింద రెండు డబ్బాలున్నాయి, ఒకదాంట్లో నుసి, ఇంకోదాంట్లో ఎండిన చిన్న బిళ్ళలు. పెట్టెలో నాలుగు బొగ్గు ముక్కలకు రెండు బిళ్ళలు వేస్తాడు. ముక్కలు త్వరగా వేడెక్కిస్తాయి, బిళ్ళలు ఆ వేడిని నిలబెడతాయి. ఆ పాళ్ళు నేను చెప్పినవి కాదు, ఆయన కనిపెట్టినవే.